బ్రేకక్క బండి అడుగు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. దానితో పిలిచేవాళ్లు ఇంట్లో కూడా తక్కువే. ఆడవాళ్లకు కారు నడపడం నేర్పుతుంది కాబట్టి, పక్క సీట్లో కూర్చుని పొద్దస్తమానం "బ్రేక్! బ్రేక్ తొక్కు!" అని అరుస్తుంది కాబట్టి, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఆమెను బ్రేకక్క అన్నారు. ఆ పేరు వీధంతా పాకింది. మనిషి పొట్టే కానీ గొంతు పొడుగు. అద్దాలన్నీ ఎత్తేసినా బండి వస్తున్న సంగతి మలుపు అవతలి వాళ్లకు తెలిసిపోయేది.

అసలు ఆ స్కూలు పుట్టిందే కోపంలోంచి. అంతకుముందు ఆమె ఒక జిరాక్సు కొట్లో పని చేసేది. అక్కడ మిషను వేడికి మొహం మాడ్చుకుని నిలబడలేక, డ్రైవింగ్ నేర్చుకుని ఏదైనా ఆఫీసులో బండి నడుపుదామని ఒక స్కూల్లో చేరింది. అక్కడ నేర్పేవాడు గేరు మీద ఆమె చెయ్యి ఉంటే దానిమీద తన చెయ్యి వేసి, గేరు పడ్డాక కూడా తీసేవాడు కాదు. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు నడిరోడ్డు మీద బండి ఆపి, తాళం తీసి వాడి ఒళ్లో పడేసి, వెనక హారన్లు మోగుతుంటే దిగి నడిచి ఇంటికొచ్చేసింది. ఆ మంట ఆరలేదు. ఇంకోచోట నేర్చుకుని, లైసెన్సులు తెచ్చుకుని, ఒక పళ్ల డాక్టరు అమ్ముతున్న పాత పెట్రోలు కారు కొని, ఆడవాళ్లకు మాత్రమే నేర్పుతానని బోర్డు కట్టింది. కారుకు పక్క సీటు వైపు కూడా క్లచ్చు, బ్రేకు పెట్టించింది. ఒక ఇనప చట్రాన్ని బండి అడుగు రేకుకు బోల్టులతో బిగించి, దానికి పెడళ్లు తగిలించారు. నేర్చుకునేవాళ్లు తడబడితే ఆమె తన బ్రేకు తొక్కేది. నర్సులు, టీచర్లు, బట్టల కొట్టువాళ్లు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వచ్చిన కోడళ్లు, అందరూ ఆ బ్రేకు ధైర్యంతోనే రోడ్డెక్కారు.

ఏళ్లు గడిచేసరికి బండికి రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకటి ఇంజను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే దగ్గుతుంది, పొగ కక్కుతుంది, వంతెన ఎక్కేచోట సగంలో ఆగిపోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల ఎత్తు మీద బండి ఆపుకుని ఏడుస్తుంటే వెనక లారీవాడు బూతులు తిడతాడు. రెండోది తుప్పు. తలుపుల కింద రంగు బుడగలు లేచి రాలిపోతోంది. వానాకాలంలో కాళ్ల కింది మ్యాటు తడిసి ముక్కిపోయిన వాసన కొడుతోంది.

తుప్పు సంగతి ఎప్పుడు ఎత్తినా భర్త నవ్వేసేవాడు. ఆయన మందుల గోడౌనులో స్టోర్ కీపరు. గొడవంటే పడదు, ఎవరితోనైనా సరే అవునవునంటూ కాలక్షేపం చేసే రకం. "పాత బండికి తుప్పు పట్టక పూలు పూస్తాయా?" అనేవాడు. బండి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లే పని మాత్రం తనే పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి వెళ్తే షెడ్డు మేస్త్రి ఆమెతో మాట్లాడడు. ఆమె అడిగిన ప్రశ్నకు కూడా ఆయన వైపు తిరిగి, "సార్, మేడంకి చెప్పండి" అంటాడు. అది చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. సరే పోనీ, మీరే వెళ్లండి అని వదిలేసింది.

ఇంజను సంగతి మాత్రం మరిది నెత్తికెత్తుకున్నాడు. అతనిది పాత బండ్ల సామాన్ల కొట్టు. ఎప్పుడొచ్చినా ఒకటే పాట.

"వదినా, పెట్రోలింజను పీకి పారేయ్. ఒక సరుకుల వ్యాను గుద్దుకుని తుక్కుకొచ్చింది. ముందంతా నుజ్జయింది కానీ డీజిలింజను పెళ్లికూతుర్లా ఉంది. దాన్ని దించామంటే నీ బండి వంతెన కాదు, కొండెక్కుతుంది."

"ఆ బరువు మోయొద్దూ ఈ బండి?"

"ఇనప బండి. మోయకేం చేస్తుంది? దాని పనే మోయడం."

నిజం చెప్పాలంటే ఆమెకూ ఆశ పుట్టింది. ఎత్తు మీద ఆగకుండా వెళ్లే బండి, బంకు దగ్గర గుండె గుభేలుమనకుండా ఉండే బండి ఎవరికి చేదు? కానీ మ్యాటు కింది తడి కూడా మనసులోంచి పోలేదు. రెండూ చేయించే స్తోమత లేదు. చేయిస్తే ఏదో ఒకటే. ఈ నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం అంటూ ఆమే నానుస్తూ వచ్చింది.

ఆ నాన్చుడు ఒక మధ్యాహ్నం తెగిపోయింది.

ఆ రోజు స్టీరింగు దగ్గర ఉన్నది టైలరమ్మ. జాకెట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. కుట్టుమిషను అలవాటుకొద్దీ కుడికాలు ఆగకుండా ఆడిస్తూనే ఉంటుంది. చౌరస్తా దగ్గర నీళ్ల ట్యాంకరు ఒకటి అడ్డంగా తిరుగుతోంది. టైలరమ్మ కంగారులో బ్రేకుకు బదులు ఆక్సిలరేటరు తొక్కింది. బ్రేకక్కకు ఇది రోజూ ఉండేదే. "కాలు తియ్!" అని అరిచి తన బ్రేకు మీద బలంగా కాలేసింది.

పెడలు కిందికి వెళ్లింది. వెళ్తూనే ఉంది. బ్రేకు పడలేదు. కాలి కింద ఏదో ఫెళ్లుమని విరిగింది, చట్రమే అడుగు రేకుతో సహా ఊడి కిందికి జారింది. ట్యాంకరు వెనక రాసిన అక్షరాలు అద్దం నిండా కనిపించాయి. ఆమె రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగింది. బండి తిరిగిపోయి, ట్యాంకరు బంపరుకు ముక్కు తగిలించుకుని ఆగింది. ఆమె మోకాలు డాష్‌బోర్డుకు కొట్టుకుంది. టైలరమ్మకు దెబ్బ తగల్లేదు కానీ స్టీరింగు వదలనంటే వదలనంటూ దాన్ని కౌగిలించుకుని కూర్చుంది.

బండిని తాడు కట్టి మేస్త్రి షెడ్డుకు చేర్చారు. సాయంత్రం ఇంట్లో మంచం మీద కాలు చాపుకుని ఆమె జరిగింది చెప్పింది.

"నేను తొక్కాను. బండి అడుగే ఊడిపోయింది."

భర్తా, మరిదీ మొహాలు చూసుకున్నారు.

"సరిగ్గా తొక్కి ఉండవులే," అన్నాడు మరిది. "కంగారులో క్లచ్చు తొక్కి ఉంటావు. మనుషులన్నాక జరుగుతుంది."

"పన్నెండేళ్లుగా తొక్కుతున్నాను. నా కాలికి క్లచ్చేదో బ్రేకేదో తెలియదా?"

"అరవకు, మోకాలు లాగుతుంది," అన్నాడు భర్త. "నువ్వు నాలుగు రోజులు విశ్రాంతి తీసుకో. బండి సంగతి నేను చూసుకుంటాగా."

మోకాలు వాచి ఆమె గడప దాటలేకపోయింది. బండి ఎంతవరకు వచ్చిందని అడిగితే ఆయన "అవుతోంది" అనేవాడు. ఏమవుతోందంటే "అదే, పని" అనేవాడు. ఆ మాటల తీరు ఆమెకు నచ్చలేదు. వాపు కాస్త తగ్గగానే, ఆయన గోడౌనుకు వెళ్లాక, ఆటో ఎక్కి షెడ్డుకు పోయింది.

షెడ్డులో ఆమె బండి నోరు తెరుచుకుని ఉంది. బానెట్టు తీసి గోడకు ఆనించారు. లోపల ఇంజను లేదు. దాన్ని పీకి ఒక పాత టైరు మీద పడేశారు. పైనుంచి గొలుసుకు వేలాడుతూ, తుడిచి నిగనిగలాడించిన డీజిలింజను ఆ ఖాళీలోకి దిగడానికి సిద్ధంగా ఉంది. మరిది దాని పక్కనే నిలబడి, ఇంకొంచెం ఎడమకు అని చెయ్యి ఊపుతున్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరిని అడిగి పీకారు?"

మరిది ఉలిక్కిపడ్డాడు. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. "వదినా! నువ్వెందుకొచ్చావ్ ఈ కాలుతో? అంతా అయ్యాక చూపిద్దామనుకున్నాం. అన్నయ్య సరేనన్నాడుగా."

"బండి అన్నయ్యదా?"

"ఇంట్లో మనుషులం, నీది నాది అనుకుంటామా వదినా?"

"నీ కొట్టు తాళాలు ఇటివ్వు. రేపు నేనూ ఇంట్లో మనిషిలా వచ్చి అందులో సామాన్లన్నీ పీకించేస్తాను."

మేస్త్రి మధ్యలో దూరాడు. "మేడం, మీరు కూర్చోండి. సార్ వచ్చాక మాట్లాడదాం."

"సార్ ఎందుకు? నోరు నాకుంది, చెవులు నీకున్నాయి. ఆ బ్రేకు చట్రం ఊడిన చోటు నాకు చూపించు."

చూపించడానికి బండి కొంచెం పైకి లేపాలి. మేస్త్రి సణుగుతూ తలుపు కింద జాకీ పెట్టి తిప్పాడు. జాకీ పైకి లేచింది, బండి లేవలేదు. ఇంకా తిప్పాడు. కరకరమని చప్పుడైంది. తలుపు కింది ఇనుము పొరలుపొరలుగా విడిపోయి, జాకీ తల బండి లోపలికి, సీటు పక్కకు పొడుచుకొచ్చింది. కింద ఎర్రటి పొడి కుప్పగా రాలింది.



"ఇదేముంది, చిన్న ప్యాచీ," అన్నాడు మరిది. గొంతులో మునుపటి ఊపు లేదు. "ముందు ఇంజను కూర్చోబెట్టేద్దాం. తర్వాత తీరిగ్గా ఒక రేకు అతికిస్తే సరి."

 ఆమె కుంటుకుంటూ వెళ్లి బండి తలుపు తీసి, వంగి, ముందు సీటు కింది మ్యాటు పట్టుకుని లాగింది. చట్రం ఊడిపడిన కంత చుట్టూ కూడా అసలు అడుగు రేకు లేదు. ఎక్కడిదో నూనె డబ్బా కోసి పరిచిన పల్చటి రేకు, దాని చుట్టూ గోనె గుడ్డ, దానిమీద మందంగా పూసిన తారు. తారుమీద నల్లరంగు కూడా వేశారు, కొత్తదానిలా కనబడాలని. ఇన్నాళ్లూ ఆమె కాళ్లు పెట్టుకుని కూర్చున్నది దానిమీద. వేలితో పొడిస్తే గోనె గుడ్డలోంచి వేలు దూరి అవతల గాలి తగిలింది.

"ఇది ఎవరు చేశారు?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరు చేశారు?"

"నేనే మేడం. వానాకాలం ముందు, పోయినేడు కాదు, ఆ ముందటేడు. అడుగంతా పోయింది, కోసి కొత్తది కట్టాలి అని అప్పుడే చెప్పాను. సారే ఇప్పటికి ఇలా కానివ్వమన్నారు. మేడంకి చెప్పొద్దు, ఊరికే కంగారు పడుతుంది అన్నారు."

 ఆమె చేతికంటిన తారును చీర చెంగుకు తుడుచుకుంటూ నిలబడింది. ఆ బండిలో కూర్చున్న మనుషులు ఒక్కొక్కరే కళ్లముందు తిరిగారు. కడుపుతో ఉండి నేర్చుకున్న నర్సు. డెబ్బై దాటాక సరదాపడి వచ్చిన రిటైరైన హెడ్మాస్టరమ్మ. ఒళ్లో పిల్లతో వెనక సీట్లో కూర్చున్న పనిమనిషి. భయపడకండి, నా కాలి కింద బ్రేకుంది అని వాళ్లందరికీ తనే చెప్పింది.

మేస్త్రి ఫోన్ చేసినట్టున్నాడు, భర్త ఆదరాబాదరా వచ్చాడు. చెమట తుడుచుకుంటూ, అలవాటైన నవ్వు మొహానికి తగిలించుకుంటూ వచ్చాడు. తీసి పడేసిన మ్యాటు చూడగానే ఆ నవ్వు ఊడిపోయింది.

"మీకు తెలుసా?" అని అడిగింది ఆమె.

ఆయన నీళ్లు నమిలాడు. "అది... నీకు టెన్షన్ ఎందుకని... నువ్వసలే..."

"నేనసలే ఏంటి?"

"ముక్కు మీద కోపం కదా నీకు. చెబితే ఇల్లు పీకి పందిరేస్తావు. బండి ఆపేస్తావు. ఆపేస్తే మళ్లీ దిగులు. నీ మంచికే..."

"నా మంచికి నన్ను గోనెగుడ్డ మీద కూర్చోబెట్టారా? నన్ను సరే. నన్ను నమ్మి వచ్చినవాళ్లను? ఆ రోజు చౌరస్తాలో బ్రేకు పడలేదని మంచం మీద పడి చెప్పానే, సరిగ్గా తొక్కి ఉండవు అన్నాడు మీ తమ్ముడు. మీరు పక్కనే ఉన్నారు. మీకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. నాలుగు రోజులు నా కాలికి మందు రాస్తూ కూడా చెప్పలేదు."

"గట్టిగా అరవకు, బయట జనం..."

"విననివ్వండి!"

నిజంగానే బయట టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.  మరిది గొలుసుకు వేలాడుతున్న ఇంజను వెనక్కి జరిగాడు, అది తనకేదో అడ్డు ఉన్నట్టు. ఆమె అతని వైపు తిరిగింది.

"నీ ఇంజను నువ్వు తీసుకుపో. ఇంజను ఆగితే బండి ఆగుతుంది, అంతే. అడుగు పోతే మనిషి పోతుంది. ఇంత చిన్న సంగతి మీ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదా? జాకీ మోయలేని బండి మీ డీజిలింజను మోస్తుందా?"

"ఇప్పుడు దాన్ని నేనేం చేసుకోను?" అన్నాడు మరిది ఉక్రోషంగా. "నీ కోసమేగా తెచ్చింది!"

"నేను తెమ్మన్నానా?"

 మరిది మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

పాత ఇంజనును తిరిగి కూర్చోబెట్టేదాకా ఆమె ఆ షెడ్డులోనే స్టూలు వేసుకుని కూర్చుంది. భర్త అన్నం తెస్తానన్నాడు, వద్దంది. ఇంటికి పద అన్నాడు, మీరు పదండి అంది. మేస్త్రి ఒక్కో బోల్టు బిగిస్తుంటే ఆమె అన్నీ బిగించావా అని అడిగింది, అతను తొలిసారి ఆమె మొహం చూసి జవాబు చెప్పాడు. పని అయ్యాక బండిని అక్కడ ఒక్క రోజు కూడా ఉంచలేదు. లారీ మీద ఎక్కించి బస్సు బాడీలు కట్టే షెడ్డుకు పట్టుకుపోయింది.

అక్కడి వెల్డింగు మేస్త్రి ముసలాయన. బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, నిట్టూర్చాడు.

"తుక్కుకి వేసెయ్యమ్మా. దీనికి పెట్టేదానితో ఇంకో పాత బండి వస్తుంది."

"దాని అడుగు ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది? దీని అడుగు నా కళ్లముందు కట్టండి. నేను చూస్తాను."

"చూస్తే ఏమొస్తుంది? వెల్డింగు వెలుగు కళ్లకు మంచిది కాదు."

"ఆ నల్లద్దం నాకూ ఒకటి ఇవ్వండి."

ఆయన ఇవ్వలేక ఇచ్చాడు. పని రోజుల్లో ముగియలేదు, వారాలు పట్టింది. కోసేకొద్దీ తుప్పు ఇంకా లోపలికి కనబడుతూ వచ్చింది. కింది కమ్మీలు కూడా మార్చాల్సి వచ్చింది. కొత్త ఇంజను ఆశకు అక్కడితో పూర్తిగా నీళ్లు వదులుకోవాల్సిందే. చేతి గాజులు కూడా ఆ ఇనుములోనే కలిశాయి. గాజులు తీస్తున్నప్పుడు కూడా ఆమెకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆ ముందటేడే చెప్పి ఉంటే ఇందులో సగం పని కూడా పడేది కాదు.

ఈలోగా ఆమె ఇంకో పని చేసింది. తన దగ్గర నేర్చుకుంటున్న వాళ్లకు, ఈమధ్య నేర్చుకుని వెళ్లినవాళ్లకు ఫోన్లు చేసి, బండి అడుగు ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పింది. భర్త తల పట్టుకున్నాడు. "ఎవరైనా ఇలా చేసుకుంటారా? స్కూలు పేరు పోతుంది!" ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకునే, చెయ్యి అడ్డంపెట్టి ఆయన్ని ఆపింది. కొందరు పోనీలే అక్కా అన్నారు. కొందరు కట్టిన ఫీజు వెనక్కి అడిగి వేరే స్కూలుకు పోయారు. టైలరమ్మ మాత్రం దులిపేసింది.

"నీకు తెలియదా అక్కా? రోజూ కూర్చునే బండి. వాసనొస్తోందని నేనే నీతో ఎన్నిసార్లు అన్నాను? మ్యాటెత్తి చూడ్డానికి నీకు మొగుడి పర్మిషన్ కావాలా? నాకిద్దరు పిల్లలు."

 బ్రేకక్క ఫోను పెట్టేశాక చాలాసేపు వంటింట్లో గట్టు మీద చేతులానించి నిలబడింది. మరిది మీద కోపం, మొగుడి మీద కోపం, మేస్త్రి మీద కోపం అన్నీ ఉన్నాయి. వాటి అడుగున ఇది కూడా ఉంది. మ్యాటు తనది, చేతులు తనవి. బండి గురించి మాట్లాడేది మగవాళ్లే అని విసుక్కుంటూనే, ఆ మాటలు వాళ్లకే వదిలేసింది తను. టైలరమ్మ మళ్లీ రాలేదు. ఆమె పిలవనూ లేదు.

ఇంట్లో మాటలు అవసరానికి కుదించుకుపోయాయి. పాలొచ్చాయి, గ్యాసయిపోయింది, అంతవరకే. ఒకరోజు ఆయన ఉండబట్టలేక, "తప్పయిపోయింది. ఎన్నాళ్లిలా?" అన్నాడు.

"తప్పని ఎప్పుడు తెలిసింది? దొరికాకా, ముందేనా?"

 "ముందే," అన్నాడు ఆయన. "వాన పడ్డప్పుడల్లా గుర్తొచ్చేది. నువ్వు ఇంటికొచ్చేదాకా వీధి గుమ్మంలో నిలబడేవాణ్ణి. చెప్పాలనుకునేవాణ్ణి. నువ్వు అరుస్తావని భయం."

"నా అరుపుకి భయపడ్డారు, నా చావుకి భయపడలేదు," అంది ఆమె. కానీ ఆ రోజు నిజం చెప్పినందుకో ఏమో, కంచంలో అన్నం తనే వడ్డించింది.

బండి వచ్చింది. అడుగంతా కొత్త రేకు, బ్రేకు చట్రానికి కింద మందపాటి పలక. ఇంజను మాత్రం అదే పాత రోగిష్టిది. దగ్గుతూనే ఉంది. వంతెన ఎక్కేటప్పుడు ఆగుతూనే ఉంది. ఆమె ఎత్తుమీద ఆగిన బండిని కదిలించడం కూడా పాఠంలో కలిపేసింది. బోర్డు మీద రంగు మళ్లీ వేయించింది. కొత్తవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలైంది, మునుపటంత మంది కాదు. ఎవరొచ్చినా మొదటిరోజు స్టీరింగు ముట్టుకోనివ్వకుండా మ్యాటు ఎత్తి అడుగు చూపించేది. కొందరికి అది వింతగా ఉండేది.

మరిది ఆ ఇంజనును ఎవరో పడవవాళ్లకు అమ్ముకున్నాడు. కోపంతో ఇంటికి రావడం మానేశాడు. అతని భార్య, ఆమెకు తోడికోడలు, ఒక పొద్దున ఒంటరిగా వచ్చింది. ఇటూ అటూ చూసి గుసగుసగా అడిగింది.

"అక్కా, నాకూ నేర్పుతావా? మీ మరిదికి మాత్రం తెలియనివ్వకు. తెలిస్తే ఊరుకోడు."

"అయితే నేర్పను."

తోడికోడలు మొహం చిన్నబోయింది. "నువ్వు కూడా ఇలా అంటే ఎట్లా అక్కా? నీ దగ్గర ఎంతమంది దొంగచాటుగా నేర్చుకోలేదు?"

"నేర్చుకున్నారు. ఇప్పుడు ఈ బండిలో దాపరికం ఒద్దు. పోయి మొహం మీద చెప్పు. అరిస్తే నువ్వూ అరువు. గొంతు చాలకపోతే నేనొస్తాను."

తోడికోడలు సణుక్కుంటూ వెళ్లిపోయింది. ఇక రాదనుకుంది బ్రేకక్క. మూడోనాడు వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, ముక్కు ఎర్రగా ఉంది, చెప్పులు మాత్రం కొత్తవి.

"చెప్పేశాను," అంది. "మా వదినే నిన్ను చెడగొట్టింది అన్నాడు. అన్నం కంచం తోసేశాడు. నేనూ నా కంచం తోసేశాను. ఇద్దరం పస్తున్నాం."

బ్రేకక్క పకపకా నవ్వింది. ఎన్నో వారాల తర్వాత నవ్వడం, ఆ చప్పుడు ఆమెకే కొత్తగా వినిపించింది. తోడికోడలికి ఫ్లాస్కులోని టీ పోసి, రెండు బిస్కెట్లు చేతిలో పెట్టి, అవి తిన్నాకే డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది.

"ఎడమకాలు క్లచ్చు మీద. కుడికాలు ఎక్కడ?"

"బ్రేకు మీద."

"గట్టిగా తొక్కు. ఇంకా గట్టిగా. అనుమానం పెట్టుకోకు, తొక్కు!"

గొంతు వీధి మలుపు దాకా వినిపించింది.